ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు పాత సామానుకు ధర కట్టే లెక్క

దక్షిణ ఒడిశాలో, బరంపురంలో గాని రాయగడలో గాని, మే నెలలో బదిలీ కాగితం అందిన ఇంట్లో మొదట వచ్చే తర్జనభర్జన ఫ్రిజ్ గురించే. ఎంతకు అమ్మాలి? కొన్నాయన బిల్లు గుర్తు చేసుకుని "సగమైనా రావాలి కదా" అంటాడు. ఇల్లాలికి అది ఎనిమిదేళ్లలో ఒక్కరోజు మొరాయించని వస్తువు, చవగ్గా ఇవ్వడానికి మనసొప్పదు. వీధిలో బండి తోసుకొచ్చిన తుక్కు వ్యాపారి దాన్ని ఇనుము, రాగి తీగ, ప్లాస్టిక్ అని విడగొట్టి చూస్తాడు. ముగ్గురు చెప్పిన అంకెల మధ్య ఐదారు వేల తేడా వస్తుంది.

ఆ వస్తువును ఇంటికి తీసుకెళ్లి వాడుకోబోయే మనిషి ఈ ముగ్గురిలో లేడు. ఆయన మనసులో నడిచే లెక్క వేరు. ఇదే పని చేసే కొత్తది ఇవాళ బజారులో ఎంత? దీన్ని మా ఇంటికి చేర్చి నడిపించుకోవడానికి ఇంకా ఎంత పెట్టాలి? నెల తిరక్కుండా ఆగిపోతే ఎవరిని అడగాలి? పాత సామానుకు ధర కట్టడమంటే ఈ లెక్కను ఆయన కంటే ముందు మనం వేసుకోవడం. మనం వేసుకోకపోతే ఆయనే వేస్తాడు, అప్పుడు ప్రతి తీసివేతా రెండింతలు పడుతుంది.

ముందు అడుగు ధర తెలుసుకోవాలి. వస్తువు పని చేయకపోయినా చేతికొచ్చే డబ్బు అది. తుక్కు కొట్టులో తూకం మీద పలికేది ఒకటి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బ్యాటరీ లాంటివాటికి కొత్తది కొన్నప్పుడు షాపువాళ్లు ఎక్స్చేంజ్ కింద తగ్గించేది ఇంకొకటి. రెంటిలో ఏది ఎక్కువైతే అదే అడుగు. ఎక్స్చేంజ్‌లో ఒక మెలిక ఉంది. పాతది ఇవ్వకుండా అదే కొత్తది కొంటే ఎంత తగ్గిస్తారో కూడా అడగాలి. పాతదానికి 2,500 ఇస్తామన్న షాపు, పాతది లేకుండా వచ్చినవాళ్లకు ఎలాగూ 1,000 తగ్గిస్తుంటే, మీ వస్తువుకు వాళ్లు కట్టిన అసలు ధర 1,500 మాత్రమే.

పై హద్దు కొత్తదాని ఇవాళ్టి ధర. మీ బీరువాలో దాచిన బిల్లుకూ దీనికీ సంబంధం లేదు, అట్టపెట్టె మీది ఎమ్మార్పీకి అసలే లేదు. టీవీల దగ్గర ఇది బాగా బాధిస్తుంది. పదేళ్ల కింద 32 అంగుళాల టీవీకి పెట్టిన డబ్బుకు ఇవాళ ఇంకా పెద్ద తెర, ఇంటర్నెట్‌తో సహా వస్తుంది. టేకు మంచం, కంచు పళ్లేల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది: తాతగారు కొన్న ధర ఎంతైనా, ఇవాళ్టి ధర దానికి ఎన్నో రెట్లు. బిల్లు చూసి ధర కడితే టీవీ ఇంట్లోనే ఉండిపోతుంది, మంచం మాత్రం పొద్దున్నే ఎవరో పట్టుకుపోతారు.

ఒక ఫ్రిజ్, మొదటి నుంచి చివరి దాకా

ఒక తలుపుది, 190 లీటర్లు, ఎనిమిదేళ్లు వాడింది. బాగానే చల్లబరుస్తోంది, తలుపు రబ్బరు ఒకచోట చిరిగింది. అలాంటిదే కొత్తది 16,000 అనుకుందాం. మొత్తం ఆయుష్షు 14 ఏళ్లని పెట్టుకుంటే మిగిలింది ఆరేళ్లు. 16,000ను 14తో భాగించి ఆరుతో హెచ్చిస్తే సుమారు 6,850. వస్తువులో మిగిలిన పనికి విలువ ఇది. ఇందులోంచి రబ్బరు మార్చడానికి 700, ఆటోకూ ఇద్దరు మనుషుల కూలికీ 800 తీసేస్తే 5,350. ఇక పూచీ సంగతి. కొత్తదానికి కంపెనీ హామీ ఉంది, దీనికి లేదు. కంప్రెసర్ పోతే కొన్నవాళ్ల నెత్తినే పడుతుంది. దానికోసం నాలుగో వంతు తగ్గిస్తే 4,000 దగ్గర ఆగుతుంది. మీరు తీసుకోదగ్గ ధర అదే. వస్తువుకు అంటించే ధర చీటీ మీద 4,800 రాయండి, బేరానికి అంత చోటు చాలు. అడుగు 1,500 అయితే బేరమంతా దానికీ 4,800కీ మధ్యే జరగాలి, మీ మనసులో మాత్రం 4,000 గట్టిగా ఉండాలి.

అంకెలు ఊరిని బట్టి మారతాయి, లెక్క వరస మారదు: ఇవాళ్టి కొత్త ధర, అందులో మిగిలిన ఏళ్ల వంతు, దాంట్లోంచి మరమ్మతు, రవాణా, చివరికి పూచీ లేదన్న భయం. ఈ చివరిదాన్ని తగ్గించడం చాలావరకు అమ్మేవాళ్ల చేతిలోనే ఉంది. ఫ్రిజ్ కొనేవాళ్లు చూడవచ్చిన పూట కూడా నడుస్తూ, ట్రేలో ఐసు కట్టి కనిపిస్తే నాలుగో వంతు కాస్తా ఎనిమిదో వంతు అవుతుంది. ఎలాగూ ఇచ్చేస్తున్నాం కదా అని రెండు రోజుల ముందే ఆపి, తుడిచి, తలుపు బిగించి పెడితే లోపల బూజు వాసన పడుతుంది. చూడవచ్చినవాళ్లు చెడిపోయిందనే అనుకుంటారు. రబ్బరు పట్టు చూపించడానికి పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే పట్టు ఉంది. జారి వస్తే రబ్బరు ఖర్చు మీరే ఒప్పుకోండి, దాచినా దొరికిపోయేదే.

తెలిసినవాళ్లు కరెంటు పొదుపును నక్షత్రాల్లో చెప్పే స్టార్ లేబుల్ దగ్గర వంగి చూస్తారు. నక్షత్రాలకు కొలత కొన్నేళ్లకోసారి కఠినం చేస్తూ వస్తున్నారు కాబట్టి పాత లేబుల్ మీది ఐదు నక్షత్రాలు ఇవాళ్టి ఐదుకు సమానం కావు. చూడాల్సింది ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న అంకె. పాతది 300, కొత్తది 170 అయితే తేడా 130 యూనిట్లు. యూనిట్ ఐదు రూపాయలనుకున్నా ఏడాదికి 650. రెండేళ్లది తగ్గించమని అడిగితే అది న్యాయమైన బేరమే. రెండు తలుపుల పాత ఫ్రిజ్‌లు వాటి పరిమాణానికి తగ్గ ధర పలకకపోవడానికి ఇదే కారణం.

14 ఏళ్ల ఆయుష్షు అన్నిచోట్లా ఒకటి కాదు. గోపాల్‌పూర్, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు సముద్రపు గాలి నేరుగా తగిలే ఇళ్లలో ఉప్పు ఇనుమును తినేస్తుంది. ఫ్రిజ్ వెనక గొట్టాలు, వాషింగ్ మెషిన్ అడుగు రేకు, బీరువా కాళ్లు ముందు పోతాయి. అక్కడ 14కు బదులు 10 వేసుకోవడం మేలు. జయపురం, కొరాపుట్ కొండల మీద వాడిన అదే ఏడాది ఫ్రిజ్ ఇంకా గట్టిగా ఉంటుంది. తీరం నుంచి వచ్చిన సామానుకు ఇంకో ప్రశ్న ఉంటుంది: తుఫాను నీళ్లలో నిలబడిందా? 2013 అక్టోబర్ 12న ఫైలిన్, 2018 అక్టోబర్ 11న తిత్లీ ఈ ప్రాంతాన్ని తాకాక, మోటారు తడిసిన వస్తువులు ఎన్నో రంగు వేయించుకుని తిరిగి బజారుకొచ్చాయి. మీ వస్తువు అలా తడిసి ఉంటే చెప్పి, పూచీ కింద సగం తగ్గించి ఇవ్వండి.

మిగతా కరెంటు వస్తువులకూ ఇదే వరస, ఒక్కోదానికి ఒక్కో మెలిక. వాషింగ్ మెషిన్‌కు నాలుగు తడి బట్టలు వేసి నీళ్లు పిండేదాకా తిప్పి చూపించాలి. డ్రమ్మును చేత్తో ఊపితే గట్టిగా కదలాడుతోందంటే బేరింగ్ పోయినట్టే, ఆ ఖర్చు కలిపి ధర దించాలి. కూలర్ ధర ఊరిని బట్టి ఉంటుంది. నీరు ఆవిరైతేనే కూలర్ చల్లబరుస్తుంది, బరంపురం గాలిలోనేమో అప్పటికే తేమ నిండి ఉంటుంది. అందుకే అదే కూలర్‌కు రాయగడ, మునిగుడ లోపలి ఊళ్లలో, అటు మహారాష్ట్ర చివర చంద్రపూర్, బల్లార్షాలో గిరాకీ ఎక్కువ. నెల కూడా చూడాలి: మార్చిలో పలికినదానికి జూలైలో సగం వచ్చినా గొప్పే.

ఇన్వర్టర్, బ్యాటరీ కలిపి అమ్మినా ధర విడివిడిగా కట్టండి. 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ యాసిడ్‌తో కలిపి 50 కిలోలు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం సీసమే కాబట్టి అడుగు ధరే గట్టిగా ఉంటుంది. పూర్తిగా ఛార్జి అయ్యాక రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు వేసి ఎంతసేపు నిలుస్తుందో చూపించండి. ఐదేళ్లు దాటిన బ్యాటరీకి అడుగు ధర తప్ప ఇంకేమీ కలపనక్కర్లేదు. తూకానికి ముందు యాసిడ్ పారబోయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు కంపెనీలు వెనక్కి తీసుకోవాల్సినవే, డీలర్ దగ్గరికి అలాగే చేర్చవచ్చు.

బీరువా, మంచం, కలప

ఇనప బీరువాకు రేకు మందమే ప్రాణం. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది: 20 గేజ్ 22 కంటే దిట్టం. పాత బీరువాల్లో మందం రేకు ఉండేది, ఇవాళ అదే ధరకు వచ్చే కొత్తవాటిలో పలచన. అందుకని ఇరవై ఏళ్ల బీరువా ఐదేళ్లదానికంటే ఎక్కువ పలకడం వింత కాదు. తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి టప్‌మని తిరిగొస్తే పలచన రేకు. తర్వాత కాళ్లు, అడుగు రేకు: స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా పొడిస్తే దిగబడిందంటే లోపల తుప్పు తినేసింది, అది తుక్కు ధరకే. పిడి తిప్పితే పైన, కింద, పక్కన మూడు కడ్డీలూ పూర్తిగా బయటికి రావాలి. లాకర్ తాళం చెవులు రెండూ ఉంటే ధర నిలుస్తుంది; ఒక్కటే ఉంటే కొన్నవాళ్లు తాళం మార్చుకుంటారు, ఆ ఖర్చు మీ ధరలోంచే పోతుంది. అమ్మే ముందు రంగు వేయించకండి. కొత్త రంగు చూస్తే కింద తుప్పు దాచారనే అనుమానమే ముందు వస్తుంది, రంగు డబ్బు కూడా రాదు. గీతలు పడ్డ పాత రంగే నిజాయితీగా కనిపిస్తుంది.

బీరువాకు అన్నిటికంటే పెద్ద తీసివేత మెట్లు. రెండో అంతస్తు నుంచి దింపాలంటే నలుగురు మనుషులు, తాళ్లు, గోనెసంచులు. చీటీ మీద "కిందికి దింపి ఇస్తాం" అనో "ఉన్నచోటే" అనో రాయకపోతే డబ్బు లెక్కపెట్టాక మెట్ల దగ్గర బేరం మళ్లీ మొదలవుతుంది.

కలపలో రెండు లోకాలున్నాయి. పార్టికల్ బోర్డు మంచాలు, టేబుళ్లు ఒకసారి విప్పాక మళ్లీ బిగువుగా కూర్చోవు; స్క్రూ రంధ్రాలు వదులవుతాయి. అగ్గిపుల్ల విరిచి ఫెవికాల్‌తో రంధ్రంలో దించి బిగిస్తే కొన్నాళ్లు నిలుస్తుంది, అంతే. అంచులు తేమకు ఉబ్బిన బోర్డుకు మందు లేదు. కాబట్టి వీటి ఆయుష్షు ఏడెనిమిదేళ్లే వేసుకుని, విప్పి బిగించే ఖర్చు కూడా తీసెయ్యండి. మూడు నాలుగు వందలకు పోయినా నష్టపోయామనుకోకండి.

గట్టి కలపకు ఏళ్ల లెక్క పనికిరాదు, దాన్ని కలపగానే చూడాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ వెళ్లి సంపాదించి వచ్చిన కుటుంబాలు ఎన్నో. ఆ కాలపు ఇళ్లలో బర్మా టేకు మంచాలు, పడక కుర్చీలు, సందుగలు ఇప్పటికీ ఉన్నాయి. కింద కనిపించని చోట గాజు కాగితంతో రుద్దితే టేకు నూనె వాసన వస్తుంది, పొడి బంగారు గోధుమ రంగులో రాలుతుంది. సొరుగు మూలల్లో మేకులు లేకుండా పళ్లు పళ్లుగా కూర్చిన అతుకు ఉంటే అది చేతిపని. ఇలాంటిదాన్ని పాత మంచం కింద అమ్మెయ్యడం ఇంట్లో జరిగే పెద్ద నష్టం. నమ్మకమైన వడ్రంగిని పిలిచి ఎన్ని ఘనపుటడుగుల కలప ఉందో కొలిపించి, ఆ కలప ధరలో సగానికి తగ్గకుండా మొదలుపెట్టండి. పాలిష్ ఖర్చు కొన్నవాళ్లు పెట్టుకుంటారు.

మంచాల విషయంలో ధర కంటే ముందు ఇంకోటి. పలకల సందులు, నవారు మడతలు, స్క్రూ గుంటలు టార్చి వేసి చూడండి. నల్లులు గాని చెదలు గాని కనిపిస్తే ఆ వస్తువును మిగతావాటి పక్కన పెట్టకండి. ఒక్క నల్లి కనిపించినా మీ ఇంట్లో దుప్పటి నుంచి సోఫా దాకా ఎవరూ ముట్టుకోరు. పరుపులకు ధర వెతుక్కోవద్దు. బూరుగు దూది పరుపైతే దూదికి కొంత వస్తుంది. ఫోమ్, కొబ్బరి పీచు పరుపులు ఎండబెట్టి మంచంతో పాటు ఊరికే ఇస్తే మంచం తొందరగా కదులుతుంది.

గిన్నెలను తూకానికి వేసే ముందు

వంటింటి సామాను గోనెలో పోసి ఒకే తూకానికి ఇచ్చెయ్యడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు. కంచు, ఇత్తడి, రాగి, స్టీలు, ఇనుము, అల్యూమినియం ముందు విడదీయాలి. కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం. ఇత్తడిలో రాగితో కలిసేది జింకు. తగరం ఖరీదైన లోహం కాబట్టి కంచు ధర ఇత్తడి కంటే ఎప్పుడూ బాగా పైన ఉంటుంది. పళ్లేన్ని మూడు వేళ్ల మీద నిలబెట్టి గోటితో అంచు కొడితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి కాసేపట్లో ఆగిపోతుంది. పగులు ఉన్న కంచు బొంగురుగా పలుకుతుంది. అది వాడకానికి పోదు, లోహం ధరే. ఒడియా ఇళ్లలో పెళ్లిళ్లకు కంచు పళ్లేలు పెట్టడం ఆచారం, కాబట్టి పగులు లేని కంచు జతను తుక్కు కొట్టుకు కాక పక్కింటికే చూపించండి. తూకం ధర కంటే మంచి మాట అక్కడే వస్తుంది.

ఇత్తడి బిందెలు, గుండిగలకు అతుకు వేసిన చోట టంకం ఉంటుంది, ఇనప పిడులు ఉంటాయి. కొట్టువాళ్లు వీటికి తరుగు తీస్తారు. పిడులు విప్పి మీరే తూకం వేసి తీసుకెళ్తే ఆ తరుగు మీద వాదన ఉండదు. లోపల కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుపు వండకూడదు, కొనేవాళ్లకు ఆ మాట చెప్పి కళాయి ఖర్చు తగ్గించండి. శ్రీకాకుళం వైపు బుడితి ఇత్తడి పని, గంజాంలో బెళగుంఠ ఒళ్లంతా కదిలే ఇత్తడి చేప లాంటివి ఇంట్లో ఉంటే వాటిని తూకంలో కలపనే కూడదు. వాటి ధర చేతిపనిది.

స్టీలుకు అయస్కాంతం పరీక్ష అందరికీ తెలుసు, సగం తెలుసు. గట్టిగా అంటుకుంటే నికెల్ లేని రకం. అంటుకోకపోతే 304 అనే మేలురకం స్టీలు కావచ్చు, చవక రకం 202 కూడా కావచ్చు. ఆ రెంటినీ అయస్కాంతం విడదీయలేదు. పెళ్లికో గృహప్రవేశానికో పేర్లు కొట్టించిన గిన్నెలు ఎంత కొత్తగా ఉన్నా తూకానికే పోతాయి, ఇంకొకరి పేరున్న గిన్నె ఎవరూ కొనరు. పేరు లేనివి పరిమాణం వారీగా జట్టు కట్టి, కొత్త ధరలో మూడో వంతుకు పెడితే కదులుతాయి. ప్రెషర్ కుక్కర్ అమ్మేటట్టయితే సేఫ్టీ వాల్వ్, రబ్బరు కొత్తవి వేసి ఆ బిల్లు చూపించండి. ఇది ధర కోసం కాదు, అవతల వంట చేసే మనిషి కోసం.

అమ్మకూడనివి

గ్యాస్ బండ, రెగ్యులేటర్ మీవి కావు, గ్యాస్ కంపెనీవి. స్టవ్ అమ్ముకోవచ్చు, బండను ఏజెన్సీలో అప్పగిస్తే కనెక్షన్ కాగితం మీద రాసి ఉన్న డిపాజిట్ తిరిగిస్తారు. 14.2 కిలోల బండ డిపాజిట్ 2022 జూన్‌లో 1,450 నుంచి 2,200కు పెరిగింది, అయినా పాత కనెక్షన్‌కు మీరు కట్టిందే వస్తుంది. స్టవ్‌తో పాటు నారింజ రంగు రబ్బరు గొట్టం ఇవ్వకండి, దాని వాడకం గడువు ఐదేళ్లు, కొత్తది కొనుక్కోమనండి.

అటక మీద తాటాకు కట్టలు, పాత విగ్రహాలు దొరికితే అమ్మకానికి పెట్టే ముందు ఆగండి. 100 ఏళ్లు దాటిన శిల్పాలు, 75 ఏళ్లు దాటిన, సాహిత్య, చారిత్రక, శాస్త్ర విలువ ఉన్న రాతప్రతులు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. పర్లాకిమిడి, బరంపురం పాత ఇళ్లలో ఇలాంటివి ఉండడం అరుదేమీ కాదు, తుక్కు కాగితంతో పాటు పోవడం కూడా.

రోజు, చీటీ, బేరం

ఏ రోజు అమ్మకానికి పెట్టాలన్నది ఇక్కడ ధరతో కలిసిన సంగతే. తెలుగిళ్లలో చాలామంది శుక్రవారం ఇంట్లోంచి వస్తువు బయటికి ఇవ్వరు. ఒడియా ఇళ్లలో మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ రోజులు, డబ్బు చేతులు మారడానికి వెనకాడతారు. శనివారం ఇనుము ఇంటికి తేవడానికి ఇద్దరూ ఇష్టపడరు, అంటే బీరువా ఆ రోజు కదలదు. మిగిలేది ఆదివారం. పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకానే. ఆ తర్వాత ఎండకు ఎవరూ రారు.

చీటీ మీద అంకెలు 1, 2, 3 అనే రాయండి, తెలుగు అంకెలు గాని ఒడియా అంకెలు గాని సగంమందికి చదవడం రాదు. నోటి బేరంలో ఒడియా లెక్క వింటున్నప్పుడు జాగ్రత్త: "దేఢ హజార" అంటే 1,500, "అఢెయి హజార" అంటే 2,500. రెండూ కలగలిపి విని తలూపితే వెయ్యి రూపాయల తేడా. అంకెను ఫోన్ మీద కొట్టి చూపించి ఒప్పుకోండి. ధరలు గుండ్రంగా ఉండాలి, చిన్న వస్తువులకు 20, 50, 100 అని మూడు బుట్టలు పెడితే చీటీలే అక్కర్లేదు. పది రూపాయల, యాభై రూపాయల చిల్లర ముందురోజే తెచ్చుకోండి. ఫోన్‌లో డబ్బు పంపుతానన్న మనిషి మిమ్మల్ని కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే అక్కడితో ఆపండి: డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు.

అందరికంటే ముందు వచ్చేది పాత సామాను వ్యాపారులు. "మొత్తం ఒక్క రేటుకి చెప్పండి" అంటారు. అలసిపోయి ఉన్న ఇంటికి ఆ మాట తీయగా వినిపిస్తుంది. లెక్క వేసి చూడండి. చీటీలన్నీ కలిపితే 42,000 అనుకుందాం: ఫ్రిజ్, బీరువా, టేకు మంచం, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్ అయిదూ 33,000, మిగతా అరవై చిన్న వస్తువులు 9,000. అయిదు పెద్దవీ బేరాలు పోను 24,000 తెస్తాయి. చిన్నవాటిలో మూడో వంతు అమ్ముడైతే గొప్ప, అంటే 3,000. చేతికొచ్చేది 27,000. వ్యాపారి 18,000 అన్నాడంటే ఆ తొమ్మిది వేలు మీ సమయానికి కట్టిన ధర. పదిహేను రోజులుంటే వద్దనండి. రేపు సాయంత్రం లారీ వస్తుంటే తీసుకోవడమే తెలివి. మధ్యేమార్గం కూడా ఉంది: రెండు పెద్ద వస్తువులు మీరు అమ్ముకుని, మూడు పెద్దవీ చిన్నవన్నీ కలిపి ఇస్తానని చెప్పండి. ఒక్క పెద్ద వస్తువైనా లేకుండా చిల్లర సామాను ఎత్తుకెళ్లడానికి వ్యాపారి రాడు.

ఇరవై రోజుల ముందు మొదలుపెట్టగలిగితే ధర మూడుసార్లు దించితే చాలు. మొదటి పది రోజులు చీటీ ధరే, ముందు ఆఫీసులో, వీధిలో తెలిసినవాళ్లకు. బరంపురంలో మెడికల్ కాలేజీ చుట్టూ అద్దెకు దిగే పిల్లలు, గోపాల్‌పూర్ సైనిక నివాసాలకు కొత్తగా వచ్చే కుటుంబాలు, దామన్‌జోడి, సునాబెడ టౌన్‌షిప్పుల్లో చేరేవాళ్లు ఇలాంటి సామానుకే వెతుకుతుంటారు. పదకొండో రోజు కొంత దించండి. చివరి ఆదివారం వాకిట్లో పెట్టి తీసుకోదగ్గ ధరకు. చివరి సాయంత్రం అడుగు ధర. రోజుకింత దించుతూ పోతే రేపటి కోసం ఆగేవాళ్లే తయారవుతారు.

ఫ్రిజ్, స్టవ్ చివరి రోజు దాకా ఇంట్లో కావాలి కదా. ముందే బేరం కుదుర్చుకుని నాలుగో వంతు బయానా తీసుకోండి. కాగితం మీద వస్తువు, మొత్తం, ముట్టింది, మిగిలింది, పట్టుకెళ్లే తేదీ, ఆ తేదీ దాటితే ఏమిటో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

స్కూటర్ అమ్మేవాళ్లకు సరిహద్దు అదనపు ఖర్చు తెస్తుంది. రాష్ట్రం లోపలే అయితే పేరు మార్పిడికి ఫారం 29, 30 చాలు. ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వైపు వాళ్లు కొంటే మీ ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి, వాళ్లక్కడ మళ్లీ రోడ్డు పన్ను కట్టాలి. ఆ పన్ను మొత్తం మీ ధరలోంచి తగ్గించమంటారు. కాబట్టి ఓడీ నంబరు బండికి ముందు ఒడిశా లోపలే చూడండి. పేరు మారేదాకా ఆ బండి మీద పడే చలానా, జరిగే ప్రమాదం అన్నీ మీ పేరునే ఉంటాయి, పొరుగు రాష్ట్రంలో ఆ పని వెంటపడి చేయించడం కష్టం.

ఫ్రిజ్ బండెక్కించేటప్పుడు నిలువుగానే కట్టించండి. దారి ఇరుకై పక్కకు వంచాల్సి వస్తే, దింపాక నాలుగైదు గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడే స్విచ్ వేయమని కొన్నవాళ్లకు చెప్పండి. కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారి ఉంటుంది, అది వెనక్కి దిగాలి. ఆ మాట చీటీ వెనక రాసి తలుపుకు అంటించండి, ఇంటి దగ్గర దింపుకునే మనిషి వేరే ఉండొచ్చు.